చేతిలో పడిన కాగితం

పొద్దున్నే పేపరు దులిపితే నాలుగు పాంప్లెట్లు రాలిపడతాయి. ఒకటి టిఫిన్ సెంటర్ ప్రారంభోత్సవం, ఒకటి అబాకస్ క్లాసులు, ఒకటి ఆషాఢం ఆఫర్లు, ఇంకొకటి మోకాళ్ల నొప్పులకు గ్యారంటీ మందు. వార్తల కంటే ముందు వాటినే చేతిలోకి తీసుకుంటాం. తీసుకుంటాం గానీ చదవం, ఓ చూపు చూస్తాం. ఆ చూపులోనే వాటి జాతకం తేలిపోతుంది. పనికొచ్చేదైతే టీపాయ్ మీదికి, రానిదైతే చెత్తబుట్టలోకి. వెనకవైపు తెల్లగా ఉంటే పాల లెక్కలు రాసుకోవచ్చని ఫ్రిజ్ మీదికి. రచనల్లో ఇంత తక్కువ గడువు, ఇంత కఠినమైన పరీక్ష మరి దేనికీ లేవు. కథకైనా నవలకైనా పాఠకుడు ఒకటి రెండు పేజీల దాకా మొహమాటపడతాడు. పాంప్లెట్ దగ్గర ఎవరికీ మొహమాటం ఉండదు.

బడిపంతులుగా రిటైరయ్యాక నాకు ఈ పాంప్లెట్లు రాసే పని తగులుకుంది. "మాస్టారూ, మీరైతే నాలుగు ముక్కలు పద్ధతిగా రాస్తారు" అంటూ వినాయక చవితి కుర్రాళ్ల దగ్గర్నుంచి పెన్షనర్ల సంఘం దాకా వస్తుంటారు. వాళ్లతో కూర్చుని రాయగా రాయగా నాకు బోధపడిందేమిటంటే, కరపత్రం చెడేది భాష రాక కాదు, డబ్బు చాలకా కాదు. రాయించేవాడు ఒకడు, అందుకునేవాడు ఇంకొకడు. రాసేటప్పుడు కుర్చీ వేసుకుని మన ఎదురుగా కూర్చునేది రాయించేవాడు. అతని సంఘం పేరు, అధ్యక్షుడి పేరు, దాతల పేర్లు, నినాదం, ఆశయం అన్నీ అతనికి ముఖ్యమే. అందుకునేవాడు ఎక్కడో సంతలో కూరగాయల సంచీతో ఉంటాడు. అతని తరఫున మాట్లాడే మనిషి ఆ గదిలో ఉండడు.

తెలుగునాట వచ్చిన పాంప్లెట్లలో బాగా పనిచేసినదేదని ఎవరైనా అడిగితే నేను ఏ పార్టీదీ చెప్పను, ఏ సినిమాదీ చెప్పను. పాము పాంప్లెట్ అంటాను. నలభై యాభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గుళ్లో పూజారికి పాము కనబడింది. చూస్తుండగానే అది మనిషి రూపం దాల్చి, త్వరలో అవతరించబోతున్నానని చెప్పింది. ఈ సంగతి ఇన్ని కాపీలు అచ్చు వేయించి పంచినవాళ్ల కోరిక ఇన్ని రోజుల్లో తీరుతుంది. ఫలానా ఊళ్లో ఒకాయన పంచితే లాటరీ తగిలింది. ఇంకొకాయన నమ్మక చించి పారేస్తే వ్యాపారం మునిగింది, ఇంట్లో మనిషి పోయాడు. దేవుడు మారేవాడు, ఊరు మారేది, కాపీల లెక్క మారేది. కథ మాత్రం అదే.

నమ్మకం సంగతి పక్కన పెట్టి కేవలం రచనగా చూడండి. "భక్త మహాశయులకు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా" అంటూ కాలయాపన చెయ్యదు. మొదటి వాక్యంలోనే పాము పడగ విప్పుతుంది. చదివినవాడు ఏం చెయ్యాలో లెక్కతో సహా చెబుతుంది. ఎన్నాళ్లలో చెయ్యాలో గడువు పెడుతుంది. చేస్తే ఏమొస్తుందో, చెయ్యకపోతే ఏం పోతుందో చెబుతుంది. రెండింటికీ చెరొక సాక్షి. రంగులు లేవు, ఫొటో లేదు. చవక కాగితం, అరిగిపోయిన టైపు, లైనుకో అచ్చుతప్పు. అయినా ఊళ్లకు ఊళ్లు దాటిపోయింది. పైగా అచ్చు ఖర్చూ పంపిణీ ఖర్చూ రెండూ పాఠకుడి నెత్తినే! ఇంతటి ఘనత ఏ అడ్వర్టైజింగ్ కంపెనీ సాధించింది చెప్పండి. చిన్న ప్రెస్సుల వాళ్లకు పనిలేని రోజుల్లో ఆ పామే అన్నం పెట్టిందని అప్పట్లో హాస్యమాడేవాళ్లం.

అది అబద్ధం, పైగా బెదిరింపు. పిల్లవాడికి జ్వరంగా ఉన్న ఇంట్లో ఆ కాగితం పడితే ఆ రాత్రి తల్లి ఏ అవస్థ పడిందో అచ్చు వేసినవాడికేం పట్టింది? కానీ అందులోంచి భయాన్నీ బొంకునీ తీసి అవతల పారేశాక కూడా ఒక ఎముకల గూడు మిగులుతుంది: ఏం జరిగింది, నువ్వేం చెయ్యాలి, ఎప్పటిలోగా, నీకేం ఒరుగుతుంది. మన సంఘాల పాంప్లెట్లలో సద్భావానికి లోటు లేదు. లేనిది ఆ గూడే. "సభను జయప్రదం చేయండి" అంటారు. సభను జయప్రదం చెయ్యడం పిలిచినవాళ్ల పని కదా! వచ్చినవాడు చేసేదల్లా రావడం. ఎందుకు రావాలో, వస్తే తనకేమిటో మాత్రం కాగితమంతా వెతికినా దొరకదు.

వెనకటి ట్రెడిల్ మెషీన్ రోజుల్లో ఈ జబ్బుకు ఒక మందు ఉండేది. దాని పేరు లేమి. కరపత్రం అంటే వన్ బై ఎయిట్ డెమ్మీ, సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు. గులాబీ, పసుపు, లేతాకుపచ్చ కాగితాల్లో ఏది ఉంటే అది. దాని మీద ఒకే సిరా. కంపోజిటర్ నిలబడి కేసుల్లోంచి ఒక్కో అక్షరం ఏరి స్టిక్కులో పేర్చేవాడు. మన గుణింతాలకూ వత్తులకూ వందల అరలు కావాలి. హెడ్డింగుకు వాడే పెద్ద అక్షరాలు చెక్కవి, అవి ఏ ప్రెస్సులోనైనా కొన్నే ఉండేవి. మనకు కావలసిన మాటకు సరిపడా చెక్కక్షరాలు లేకపోతే మాటే మార్చుకోవాలి. ఫొటో కావాలంటే జింకు బ్లాకు చేయించాలి, దానికి పట్నం పోవాలి, డబ్బు కట్టాలి. కనుక ఫొటోలు లేవు. "ఇదంతా ఇందులో పట్టదండీ" అని కంపోజిటర్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి అన్నాడంటే ఇక అప్పీలు లేదు. అక్కడే నిలబడి కొట్టివేతలు మొదలెట్టాల్సిందే. ముందు విశేషణాలు పోయేవి, తర్వాత వందన సమర్పణ పోయేది. మిగిలినదాంట్లో విషయం ఉండేది.

సినిమా బండి వెంట పరుగెత్తిన తరానికి ఆ రుచి తెలుసు. రిక్షాకో జట్కాకో రెండు పక్కలా పోస్టర్లంటించిన తడికెలు కట్టి, మైకులో "నేడే చూడండి" అని కేకలేస్తూ, గుప్పెడు గుప్పెడు రంగు కాగితాలు విసిరేవాళ్లు. పిల్లలం దుమ్ములో పడి ఏరుకునేవాళ్లం. అందులో ఏముండేది? సినిమా పేరు, వేషాలు వేసినవాళ్ల పేర్లు, హాలు పేరు, ఆటల వేళలు. అంతే. ఇంటికి తీసుకెళితే అమ్మలక్కలు కళ్లతోనే చదివి సాయంత్రం ఆటకు లెక్క వేసుకునేవాళ్లు.

డీటీపీ వచ్చింది, పేజ్‌మేకరూ అను ఫాంట్లూ వచ్చాయి, వాటి వెనకే కోరల్ డ్రా, ఫొటోషాప్. అక్షరాన్ని సాగదీయొచ్చు, విల్లులా వంచొచ్చు, నీడ పెట్టొచ్చు, చుట్టూ బంగారు అంచు కట్టొచ్చు. మల్టీకలర్ ఆఫ్‌సెట్ అంటే నీలం, గులాబీ, పసుపు, నలుపు నాలుగు సిరాలకు నాలుగు ప్లేట్లు. ఒకప్పుడు ఆ ఖర్చుకే వెనకాడేవాళ్లు. పదిమంది పనులు ఒకే పెద్ద షీటు మీద కలిపి వేసే పద్ధతి వచ్చాక అదీ అందుబాటులోకొచ్చింది. అన్నీ వచ్చాయి గానీ "పట్టదండీ" అనే మనిషి పోయాడు. ఇప్పుడు ఎంతైనా పడుతుంది, అక్షరం చిన్నది చేస్తే సరి.

తెలుగు అక్షరం ఈ చేష్టలను ఓర్చుకోదు. ఇంగ్లీషువాడికి పెద్దబడి ఉంది, అరవాలంటే అందులో రాసుకుంటాడు. మనకు ఆ సౌకర్యం లేదు. సైజు, లావు, చుట్టూ వదిలే ఖాళీ, ఈ మూడింటితోనే మనం గొంతు పెంచాలి. లావు మరీ పెంచితే గుండ్రటి అక్షరాల పొట్టలు పూడుకుపోతాయి. 'ధ'కూ 'థ'కూ తేడా కడుపులో ఒక్క చుక్క. 'ద'కూ 'ధ'కూ తేడా అడుగున చిన్న గీత. పల్చటి కాగితం మీద నల్లటి పట్టీ వేసి అందులో తెల్ల అక్షరాలు పెడితే సిరా పాకి ముందుగా మింగేది ఆ చుక్కనూ ఆ గీతనే. నెత్తిన గుళ్లు, కాళ్ల కింద వత్తులు ఉన్న లిపి కనుక లైనుకూ లైనుకూ మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇరికిస్తే పై లైనులో 'స్త్రీ' కింది లైను గుడి మీద కాలు పెట్టి నిలబడుతుంది. పాయింటంటే అంగుళంలో 72వ వంతు అని డీటీపీ పిల్లలందరికీ తెలుసు. ఆ వత్తులకూ గుళ్లకూ చోటివ్వాలి కనుక, అదే పాయింటు సైజులో తెలుగు అక్షరం ఇంగ్లీషు దానికంటే చిన్నగా కనబడుతుందన్నది మాత్రం పదే పదే గుర్తుచేయాల్సి వస్తుంది. "పన్నెండు పెట్టాను కదా సార్" అంటారు. పన్నెండు పెట్టావు నాయనా, చదివేవాడికి డెబ్బై.

కిందటేడు మా ఊరి సేవా సంఘం ఒకటి ఉచిత కంటి శిబిరం తలపెట్టింది. పాంప్లెట్ ప్రూఫు తెచ్చి నా ముందు పెట్టారు. తళతళలాడే ఆర్టు పేపరు. పైన దేవుడి బొమ్మ, ఒక పక్క సంఘం ముద్ర, ఇంకో పక్క రిజిస్ట్రేషన్ నంబరు. దాని కింద ఎర్రటి అక్షరాలకు పసుపు అంచు, నల్ల నీడ వేసి "ఉచిత మెగా కంటి వైద్య శిబిరం". ఆ కింద రెండు వరసల ఫొటోలు: ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఈ నలుగురికీ తేడా ఏమిటో నాకు ఈ వయసులోనూ తెలియదు. ఇంద్రియాలన్నిటిలో కన్నే ముఖ్యమనే సంస్కృత సూక్తి ఒకటి. మానవ సేవ గురించి ఒక పేరా. తేదీ, చోటు అట్టడుగున, లేత నీలం మీద తెల్లగా.

దీన్ని చదవాల్సింది ఎవరు? శుక్లాలున్నవాళ్లు. శుక్లం ముదిరేకొద్దీ చూపు మసకబారడమే కాదు, దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా కూడా తెలియదు. మెరుపు పడితే కళ్లు చెదురుతాయి. లేత నీలం మీద తెలుపు, అదీ మెరిసే కాగితం మీద! శుక్లాలున్నవాళ్లు శిబిరానికి రాకుండా చూడాలని ఎవరైనా పంతం పట్టి డిజైన్ చేసినా ఇంతకంటే బాగా చేయలేరు.

ఆ మాటే అన్నాను. సంఘం కార్యదర్శి మంచివాడు, నవ్వేశాడు. "మరెలాగంటారు మాస్టారూ?" అన్నాడు. కాగితం వెనక్కి తిప్పి మొదటినుంచీ మొదలెట్టాం.

మామూలు మ్యాప్‌లితో కాగితం, పసుపు రంగుది, మెరుపు లేనిది. దాని మీద నల్ల సిరా. అంతకంటే బాగా కనబడే జోడీ తక్కువ ఖర్చులో ఇంకోటి లేదు. హెడ్డింగు దగ్గర కాస్త గొడవ పడ్డాం. "మెగా" తీసేస్తే చిన్న శిబిరమనుకుంటారని వాళ్ల బెంగ. మెగా అయితే ముసలమ్మకు ఏమిటి, ఆవిడకున్నవి రెండే కళ్లు. హెడ్డింగు చదివేవాళ్లు లోపలి మాటలు చదివేవాళ్లకు ఐదింతలు ఉంటారని అడ్వర్టైజింగ్ పెద్ద డేవిడ్ ఓగిల్వీ రాశాడు. ఆ లెక్కన హెడ్డింగు ఒక్కటే చదివి కాగితం పక్కన పెట్టేసినవాడికి కూడా పని జరగాలి. చివరికి తేలిందిది: "చూపు మసకేసిందా? ఆదివారం పొద్దున్నే మన హైస్కూలుకు రండి." ఎవరికి, ఎప్పుడు, ఎక్కడికి అన్నీ అందులోనే ఉన్నాయి. "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రాంగణము" అన్న మాట మా ఊళ్లో ఒక్క బోర్డు మీద తప్ప ఎవరి నోటా రాదు. హైస్కూలంటే అందరికీ తెలుసు. ఇంకా తెలియనివాళ్లకు బస్టాండు వెనక సందు అని రాస్తే చాలు.

తర్వాత లోపలి మాటలు. పాత ప్రూఫులో "నేత్ర పరీక్షలు నిర్వహించి, అర్హులైన వారిని శస్త్రచికిత్స నిమిత్తము తరలించబడును" అని ఉంది. వ్యాకరణం సంగతి వదిలేయండి. ఇలాంటి కాగితాన్ని మా ఊళ్లో అసలు మనిషి చదవదు, చదివించుకుంటుంది. ఎనిమిదో తరగతి మనవరాలు గుమ్మంలో కూర్చుని బిగ్గరగా చదువుతుంది, నానమ్మ చెవి ఒగ్గి వింటుంది. "తరలించబడును" దగ్గరికి రాగానే నానమ్మ గుండె గుభేలుమంటుంది. ఎక్కడికి తరలిస్తారు, ఎందుకు తరలిస్తారు? వరదలప్పుడు తరలించారు, కరోనాప్పుడు తరలించారు. ఆవిడకు ఆ మాటతో ఉన్న అనుభవం అది. అందుకే పాంప్లెట్ రాశాక నేను దాన్ని కళ్లతో దిద్దను. ఎవరైనా పిల్లల చేత చదివించి వింటాను. వాళ్ల నాలుక ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చాలి. ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ వాక్యం తెంచాలి. ఆ రకంగా తయారైంది ఇలా ఉంది: "కళ్లు ఊరికే చూస్తారు. శుక్లం ఉందంటే మేమే బస్సులో ఆసుపత్రికి తీసుకెళతాం. ఆపరేషను చేయించి, మళ్లీ బస్సులోనే తెచ్చి దింపుతాం. భోజనం, మందులు, కళ్లజోడు అన్నీ ఉచితం. మీ చేతి నుంచి రూపాయి పడదు."

కార్యదర్శికి అది పాంప్లెట్ భాషలా అనిపించలేదు. "మరీ ఇంట్లో మాట్లాడుకున్నట్టుంది" అన్నాడు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు అక్కర్లేదు.

అసలు గట్టిగా వాదించుకున్నది వేరే చోట. ఆపరేషనంటే ముసలివాళ్లకు కొన్ని అనుమానాలుంటాయి. నొప్పి పుడుతుందా? ఉన్న కాస్త చూపూ పోతుందా? ఎన్నాళ్లు పొయ్యి దగ్గరికి పోకూడదు, పొలానికి పోకూడదు? నా వెంట ఎవరొస్తారు, వచ్చినవాళ్ల కూలి పోదా? ఇవన్నీ వచ్చాక డాక్టరుగారు చెబుతారు కదా, కాగితం నిండా ఎందుకని వాళ్ల మాట. వచ్చాక చెప్పే జవాబు రానివాళ్లకు ఎలా అందుతుంది? ఆ ప్రశ్నలకు జవాబు దొరక్కే గడప దాటరు. డాక్టరుగారికే ఫోను చేసి నాలుగూ అడిగాం. ఆయన మామూలు మాటల్లో చెప్పినవి మామూలు మాటల్లోనే రాశాం. తోడు వచ్చే ఒక మనిషికి కూడా భోజనం పెడతామని సంఘం వాళ్లు అక్కడికక్కడే నిర్ణయించి ఒక లైను చేర్పించారు. పాంప్లెట్ రాయడం వల్ల శిబిరమే కాస్త బాగుపడింది. ఇది తరచూ జరుగుతుంది. చదివేవాడి ప్రశ్నలు రాసుకుంటూ పోతే ఏర్పాట్లలో ఉన్న చిల్లులు బయటపడతాయి.

ఏం తెచ్చుకోవాలన్నది విడిగా గీతలు గీసిన గడిలో పెట్టాం: ఆధార్ కార్డు, వాడుతున్న మందుల చీటీ, పాత కళ్లజోడు ఉంటే అది. ఆ కింద ఫోన్ నంబరు, అదీ ఒక్కటే. మూడు నంబర్లు ఇస్తే ముగ్గురూ మిగతా ఇద్దరు ఎత్తుతార్లే అనుకుంటారు.

కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లను చూసి చాలామంది చిరాకుపడతారు. నేను మా అబ్బాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర పంచేవన్నీ అడిగి మరీ తీసుకుంటాను. చూడ్డానికి అందమేమీ ఉండదు. కోర్సు పేరు, చెప్పే సారు పేరు, కొత్త బ్యాచ్ మొదలయ్యే రోజు, పొద్దున ఎన్నింటికి, ఏ అంతస్తు, ఉచిత డెమో. నాలుగు మెట్రో మెట్లు దిగేలోగా చదివేయొచ్చు. డిగ్రీ పట్టా చేత్తో పట్టుకుని ఊరి నుంచి దిగిన కుర్రాడికి రేపు పొద్దున ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి, అంతే కదా. ఆ కాగితం రాసినవాడికి ఆ కుర్రాడు బాగా తెలుసు. బహుశా ఒకప్పుడు అతనూ ఆ కుర్రాడే.

తేదీ విషయంలో మాత్రం మనవాళ్లందరిదీ ఒకటే నిర్లక్ష్యం. "ఈ నెల 14న" అని వేస్తారు. ఏ నెల, ఏ సంవత్సరం? వెనకటికి కాగితం చినిగిపోయేది గనుక చెల్లింది. ఇప్పుడు పాంప్లెట్ అచ్చయ్యేలోపే దాని ఫొటో వాట్సాప్‌లో బయల్దేరుతుంది, దానికి చావు లేదు. ఎప్పుడో ముగిసిన ఉచిత గుండె శిబిరాలూ, ఎప్పుడో ఎక్కించేసిన రక్తం కోసం విజ్ఞప్తులూ ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. పాపం ఎవరో నిజమని బయల్దేరతారు. తేదీ, నెల, సంవత్సరం, వారం నాలుగూ వేయాలి. వారం ఎందుకంటే ముసలివాళ్లకు తేదీ గుర్తుండదు, సంత రోజు గుర్తుంటుంది.

ఎన్నికల కాగితాలదైతే ఇంకో కథ. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 127ఎ అని ఒక సెక్షనుంది. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవాడి పేరు, చిరునామా, వేయించినవాడి పేరు, చిరునామా తప్పనిసరిగా ఉండాలి. వేయించినవాడు ఇద్దరు తెలిసినవాళ్ల సాక్షి సంతకాలతో రెండు ప్రతుల్లో డిక్లరేషన్ ఇవ్వాలి. తప్పితే 6 నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికల రోజుల్లో రాత్రికి రాత్రి గుమ్మాల్లో పడే ఊరూ పేరూ లేని కాగితాలను ఒకసారి తిప్పి చూడండి. అడుగున ఆ సన్నటి లైను ఉండదు. ఓటడిగే కాగితాలన్నిటిలోనూ నేను మొదట చదివేది ఆ లైనే, ఎందుకంటే తిట్టినవాడు సంతకం పెట్టాడా లేదా అన్నది తిట్టుకంటే ఎక్కువ సంగతి చెబుతుంది.

మళ్లీ మా శిబిరానికొస్తే, ఫొటోల చిక్కు మిగిలిపోయింది. మేం రాసిన పసుపు కాగితంలో ఒక్క ఫొటో లేదు. అధ్యక్షుడుగారి ముఖం వాడిపోయింది. చందా ఇచ్చినవాళ్లకు ఏం ముఖం చూపించాలన్నాడు. అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. సొంత డబ్బు పెట్టి నలుగురికి చూపు తెప్పించేవాడు తన పేరు చూసుకోవాలనుకుంటే అందులో పాపమేముంది? కాకపోతే ఆ ముచ్చట ముసలమ్మ కాగితంలో తీర్చుకోకూడదు. రెండు కాగితాలు వేయించండి అన్నాను. ఆర్టు పేపరు మీద ఫొటోలతో, అతిథుల హోదాలతో ఒక ఆహ్వాన పత్రిక, కొద్ది కాపీలు, పెద్దలకు ఇంటింటికీ వెళ్లి ఇచ్చేందుకు. పసుపు కాగితం జనానికి. రెండూ కలిపినా పాత అంచనా కంటే తక్కువే అయింది, ఆర్టు పేపరు అన్ని వేలు అక్కర్లేదు కనుక. అధ్యక్షుడుగారి ముఖం విప్పారింది. ఆయన ఫొటో ఆహ్వాన పత్రికలో మునుపటికంటే పెద్దదైంది కూడా.

డీటీపీ కుర్రాడికి మాత్రం తృప్తి లేదు. "చుట్టూ అంత ఖాళీ వదిలేశారు సార్, నాలుగు మూలలా డిజైన్ పెట్టనా? పోనీ రెండు కళ్ల బొమ్మ?" అని ప్రాధేయపడ్డాడు. వాడి చేతికి పని చెప్పకపోతే వాడు డబ్బులు తీసుకోవడానికి సిగ్గుపడతాడు. ఫోన్ నంబరు ఇంకో రెండు సైజులు పెంచమన్నాను.

ఇక పంపిణీ. మొదట వాళ్లు న్యూస్‌పేపర్ ఏజెంటుతో మాట్లాడుకున్నారు. పేపరు తెప్పించుకునే ఇంట్లో శుక్లం వస్తే కొడుకో కూతురో కారులో పట్నం తీసుకుపోతారు. మనకు కావలసినవాళ్ల ఇంటికి పేపరే రాదు. మా ఆంధ్రలో ఒకటో తారీఖున వృద్ధాప్య పింఛను ఇంటి దగ్గరే ఇస్తారు. ఊళ్లో ముసలివాళ్లంతా ఇంటిపట్టున ఉండే రోజు అదొక్కటే. సంఘం కుర్రాళ్లు ఆ రోజు వీధి వీధీ తిరిగారు. కాగితం చేతిలో పెట్టి వచ్చేయడం కాదు, ఒకసారి చదివి వినిపించి మరీ ఇచ్చారు. ఆశా కార్యకర్తలకు కొన్ని, రేషన్ షాపులో కొన్ని, రచ్చబండ దగ్గర టీ కొట్టులో కొన్ని. శిబిరం రోజున పేర్లు రాసుకునే రిజిస్టరులో "మీకు ఎలా తెలిసింది?" అని ఒక గడి అదనంగా పెట్టించాను. చాలామంది గడిలో పడింది పింఛను రోజు. పేపర్లో చూశామన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో, వాళ్లూ కళ్లజోడు ఉన్నవాళ్లే.

మొన్న దసరా ఉత్సవాల కుర్రాళ్లు వచ్చారు. నాలుగు రంగుల పాంప్లెట్, ముప్ఫై పైచిలుకు ఫొటోలు, కార్యక్రమాల వేళలు ఎక్కడో మూలన. నేను మొదలెట్టబోయాను. వాళ్లలో తెలివైనవాడొకడు నా మాట పడనివ్వకుండా, "గౌరవ సలహాదారుగా మీ ఫొటో కూడా పెడుతున్నాం మాస్టారూ" అన్నాడు.

ఏ సైజులో అని అడిగాను.